గొరిగినా పోని మీసం

తల మీద మచ్చకు చుక్కలు పెడతాను, కనుబొమ్మకు పెడతాను, గడ్డానికీ పెడతాను, మీసానికి మాత్రం పెట్టను. పని మానుకునే ముందు కొన్నేళ్ళు నా అంగట్లో ఇదే మాట. ఎందుకని అడిగినవాళ్ళకు చెయ్యి వణుకుతుందని చెప్పి పంపేసేవాణ్ణి. నిజానికి చెయ్యి వణకడం ఈమధ్యే మొదలైంది. ఇప్పుడు మా కులం పిల్లలు చాలామంది మిషన్ పట్టుకుని ఈ చుక్కల పని చేస్తున్నారు. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను. అక్షరాలు నాకు తల నెరిసిన తర్వాత వచ్చాయి. రంగు సీసాల మీద ఏం రాసుందో ప్రతిసారీ ఎవరినో ఒకరిని అడగడం నామోషీ అనిపించి, కూతురి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. రాత ఎక్కడన్నా వంకర పోతే సర్దుకుని చదవండి.

మేము మంగలివాళ్ళం. ఆదోనిలో పత్తి మార్కెట్టుకు పోయే దారిలో మా నాయన రాతి మీద కూర్చోబెట్టి గొరిగేవాడు. నేను కుర్చీలు వేశాను, అద్దాలు పెట్టాను. బెంగళూరులో నేర్చుకొచ్చిన ఒకాయన కొన్నాళ్ళు ఆదోనిలో గది తీసుకుని బట్టతలలకు చుక్కలు పెట్టేవాడు. చుక్కలు పెట్టే ముందు తల నున్నగా గొరగడానికి నన్ను పిలిచేవాడు. ఆయన చేతి వైపు చూస్తూ చూస్తూ పని పట్టుకున్నాను. ఆదోని ఎండ ఆయనకు పడలేదు. వెళ్ళిపోతూ మిషన్ నాకు వదిలేశాడు.

పని గురించి మీకు తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. మచ్చ మీద వెంట్రుక మొలవదు. అక్కడ అప్పుడే మొలుస్తున్న వెంట్రుక మొదలు ఎంత ఉంటుందో అంత చుక్క సూదితో పెట్టాలి. పచ్చబొట్టు లాంటిదే. కాకపోతే పచ్చబొట్టు నలుగురికీ కనపడాలని పొడిపించుకుంటారు, ఇది ఎవరికీ కనపడకూడదని పొడిపించుకుంటారు. మచ్చ చర్మం మొండిది. ఒకచోట రంగు తాగదు, పక్కనే గుటకలేసి తాగుతుంది. తొందరపడితే చుక్కలు కలిసిపోయి మరక అవుతుంది. నా దగ్గరికి జిన్నింగు మిల్లు బెల్టు తగిలినవాళ్ళు వచ్చేవారు, మోటారు సైకిళ్ళ మీద నుంచి పడినవాళ్ళు వచ్చేవారు. కొందరు ఎట్లా తగిలిందో చెప్పేవాళ్ళు కాదు. మన సీమలో మగవాడి తల మీద మచ్చ ఎట్లా వచ్చిందని అడగకపోవడమే మర్యాద కాబట్టి నేనూ అడిగేవాణ్ణి కాదు.

మా బామ్మర్దిది ఎమ్మిగనూరు. అక్కడ మగ్గాలు నేసేవాళ్ళ వీధిలో చాలా ఇళ్ళకు అతనే మంగలి. పెళ్ళికీ అతనే, చావుకీ అతనే. నేను మిషన్ పట్టిన కొత్తలో తెగ ఎగతాళి చేసేవాడు.

"బావా, నేను ఉండేదాన్ని తీస్తాండాను, నువ్వు ల్యానిదాన్ని పెడతాండావు. మనిద్దరం ఒకే వీధిలో ఉండామంటే జనానికి తల మీద ఏముందో ఏం ల్యాదో తెల్దు."

ఆ బామ్మర్దే ఒకరోజు ఒక తండ్రినీ కొడుకునూ ఎమ్మిగనూరు బస్సెక్కించి నా దగ్గరికి పంపాడు. ఊళ్ళో ఎవరికీ తెలియకూడదని ముందే ఫోన్లో చెప్పాడు.

తండ్రి మగ్గం మనిషి. సన్నగా ఉంటాడు, మీసం మాత్రం ఒంటికి మించింది. కొడుకు పెళ్ళీడుకు వచ్చినవాడు. లోపలికి వచ్చినప్పటి నుంచి చేతిగుడ్డ మూతికి అడ్డం పెట్టుకునే ఉన్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి గుడ్డ తీయమన్నాను. పుట్టుకతోనే పైపెదవి చీలి ఉందట. పసివాడుగా ఉన్నప్పుడే బళ్ళారిలో కుట్టించారు. కుట్టినాయన మంచి పనివాడు, పెదవి చక్కగా కలిసింది, మాట కూడా స్పష్టంగా వచ్చింది. ముక్కు కింద నుంచి పెదవి దాకా ఒక తెల్లని గీత మాత్రం మిగిలిపోయింది. ఆ గీత మీద మీసం మొలవలేదు. అటు నిండుగా, ఇటు నిండుగా, నడుమ సందు.

"వీధిలో పిల్లోళ్ళు వీణ్ణి గండి అంటారప్పా," అన్నాడు తండ్రి. "కాలవకు గండి పడినట్లు మీసానికి గండి పడిందంట. అది సరేలే, మొగోళ్ళ మాట. పెండ్లి సూపులకు పోతే ఆడోళ్ళు మొదలు మూతి సూస్తాండారు. పుట్టే బిడ్డలకు వస్తాదేమోనని వాళ్ళ భయం. కుదిరిన సంబంధాలు గూడా ఎనక్కి పొయినాయి."

కొడుకు అద్దంలో తనను తాను చూడకుండా నా వైపు చూస్తున్నాడు.

నేను చేయగలిగింది చెప్పాను. మీసం ఎప్పుడూ పొట్టిగా కత్తిరించుకోవాలి, పొడుగు పెంచితే సందు మళ్ళీ తెలుస్తుంది. ఒక్కసారితో కాదు, మానినాక మళ్ళీ రావాలి. పెట్టిన చుక్కలు కడిగితే పోయేవి కావు. కొడుకు అన్నిటికీ తల ఊపాడు. తండ్రి అతన్ని టీ చెప్పి రమ్మని బయటికి పంపి, నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నేను పోతే ఎట్లప్పా?"

"యాడికి?"

"యాడికేముంది, పైకి. అప్పుడు వాని మీసం తీస్తారు గదా."

నేను మంగలివాణ్ణి. తండ్రి పోతే కొడుకు తలా మీసమూ తీసేది మేమే. ఆ ఆలోచన నాకు రాకుండా ఉంటుందా? వచ్చింది. కానీ పెళ్ళి కోసం వచ్చిన మనిషి ముందు నీ చావు నాడు ఏమవుతుందంటే అని ఏ నోటితో మొదలుపెట్టాలి? ఆయనే మొదలుపెట్టాడు కాబట్టి నేనూ దాచలేదు.

"చుట్టూ నున్నగా అయితాది. చుక్కలు మాత్రం ఉండిపోతాయి. సూసినోళ్ళకు ఆడ గొరగకుండా ఇడ్సినట్ల కనపడతాది. నాలుగు దినాలు పోతే వెంట్రుకలు మొలిచి కలిసిపోతాయి."

"సుట్టాలంతా ఇంట్లో ఉండేది ఆ నాలుగు దినాలే గదప్పా," అని నవ్వాడు. తర్వాత గోడకున్న అద్దం వైపు తిరిగాడు. "నువ్వు పెట్టు. నేను పొయ్యేలోపల మా తమ్మునికి సెప్పి పోతాలే, నా కొడుకు మీసం తీయొద్దు, ఇది నా మాట అని. సచ్చినోని కోసరం బతికేటోని పెండ్లి నిలపాల్నా ఏంది."

పెట్టాను. నేను చేసిన పనుల్లో అంత మంచిది ఇంకోటి లేదు, ఇది గొప్పకు చెప్పడం లేదు. రంగు పట్టింది, ఎక్కడా పాకలేదు. ఆఖరిసారి సబ్బు నురగ తుడిచి అద్దం చేతికిచ్చినప్పుడు అతను వేలితో మీసం ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా నిమిరాడు. మళ్ళీ నిమిరాడు. వెనక నిలబడిన తండ్రి కండువాతో కండ్లు తుడుచుకుని, దుమ్ము ఎక్కువగా ఉందన్నాడు.

ఊళ్ళోవాళ్ళకూ, తండ్రి తమ్ముడికీ మందు రాస్తే సందులో వెంట్రుక మొలిచిందని చెప్పారట. ఆ తర్వాత వచ్చిన సంబంధానికే పెళ్ళి కుదిరింది. అమ్మాయిది కోడుమూరు వైపు. పెదవి కుట్టిన సంగతి వాళ్ళకు చెప్పలేదు. మూతి కొంచెం ఒకవైపు లాగినట్టుంటే, చిన్నప్పుడు మగ్గం గుంతలో పడ్డాడని చెప్పారట. నన్ను పెళ్ళికి పిలిచారు. మేళం వాయించేవాళ్ళ వెనక కూర్చుని భోంచేసి వచ్చాను. ఫొటోలు తీసేవాడు పెళ్ళికొడుకును నవ్వు, నవ్వు అంటుంటే, అతను నిజంగానే నవ్వుతున్నాడు.

ఏడాది తిరగకముందే తండ్రి పోయాడు. మగ్గం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడట. ఎవరికీ ఏమీ చెప్పే సమయం దొరకలేదు.

బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, కర్మ నాడు నువ్వు రావాల. పిల్లోడు నువ్వే గొరగాలంటాండాడు. ఆ ఇంటి మంగలి పని నాది, ఇంకో సందర్భంలో అయితే నేను ఒప్పేవాణ్ణి కాదు. నాకు ఆ మూతి ముట్టాలంటే భయంగా ఉండాది."

ఎమ్మిగనూరులో కాలవ గట్టు మీద కర్మ. మిగతా చుట్టాలు రాకముందే అతన్ని పక్కకు తీసుకుపోయి రాతి మీద కూర్చోబెట్టాను. బామ్మర్ది ఇంకో వైపు అన్నదమ్ముల పిల్లల తలలు గొరుగుతున్నాడు.

"మీ నాయన నాతో ఒక మాట అన్నాడప్పా," అన్నాను. "నీ మీసం తీయొద్దని మీ సిన్నాయనకు సెప్తానన్నాడు."

"సెప్పల్యాదు మామా."

"నేను సెప్పేదా?"

"సెప్తే ఎందుకని అడగడా? కోడుమూరోళ్ళంతా వచ్చుండారు." భుజం మీది తుండుగుడ్డ తీసి ఒళ్ళో పరుచుకున్నాడు. "కొడుకును నేనొక్కణ్ణే. మా నాయనకు మీసం తీయకుండా ఎట్లుంటాను? తీయి."

తీశాను. తల అయ్యాక, మీసం దగ్గర ఎంత మెల్లగా చేయగలనో అంత మెల్లగా చేశాను. రెండు పక్కలా నున్నగా అయింది. నడుమ నేను పెట్టిన చుక్కల గీత మాత్రం మిగిలింది, వెంట్రుకలు వదిలేసినట్టే. తండ్రికి నేను చెప్పినది అక్షరాలా కనపడుతుంటే చూడబుద్ధి కాలేదు. తుండుగుడ్డ మూతికి అడ్డం కట్టాను. గాలికి దుమ్ము లేస్తోంది, ఎవరన్నా అడిగితే అదే చెప్పమన్నాను. నాలుగు రోజులు గడిస్తే చాలునని మా ఇద్దరి లెక్క.

మేము మర్చిపోయింది ఒకటే. పిండం పెట్టేముందు అరచేతిలో నీళ్ళు పోసుకుని తాగాలి. అయ్యవారు మంత్రం చెబుతూ, "గుడ్డ తీయి నాయనా," అన్నాడు. తీశాడు.

ఎదురుగా కూర్చున్నది చిన్నాయన. అన్న పోయినప్పటి నుంచి సరిగా తిండి తినని మనిషి. మంచివాడు. ఆ మాట ఇక్కడే చెప్పాలి, లేకపోతే జరిగింది వింటే మీరు తప్పుగా అనుకుంటారు.

"ఏమప్పా మంగలీ, ఈడ ఇడ్సినావే," అన్నాడు.

"ఇడ్సలేదన్నా, అయిపోయింది," అన్నాను.

బామ్మర్ది అటు నుంచి వచ్చి, "మా బావ తీసినాడులే పెద్దాయనా, పందిరి నీడ అట్ల కనపడతాంది," అన్నాడు.

"నాకు కండ్లు ల్యావా? మా అన్న కర్మప్పా ఇది. ఒక్క వెంట్రుక మిగిలినా ఆయప్పకు ముట్టదు. కూసోబెట్టు, మళ్ళా తీయి."

నేను కొడుకు వైపు చూశాను. అతను లేచి వచ్చి రాతి మీద కూర్చుని గడ్డం పైకెత్తాడు.

మొదట కత్తి మొండి వైపుతో గీశాను, గీసినట్టు కనపడాలని. చిన్నాయన నా పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "పోతల్యాదే. ఇంకా గట్టిగా లాగు," అన్నాడు. పదును వైపు తిప్పక తప్పలేదు. వెంట్రుక లేని చోట, కుట్టిన చర్మం మీద, ఏమీ లేనిదాన్ని గొరిగాను. ఆ చర్మం ఎంత పలచనో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. సన్నగా రక్తం వచ్చింది. చిన్నాయన వేలు తడి చేసుకుని దాని మీద రుద్ది చూశాడు. చుట్టూ జనం చేరారు.

"ఆదోని నుంచి పిలిపించింది ఈ గుడ్డోణ్ణా?" అన్నాడొకడు.

"కత్తికి పదును ల్యాదేమో సూడండప్పా."

అతను ఆకాశం వైపు చూస్తున్నాడు. కండ్లలో నీళ్ళు రెండు పక్కలా చెవుల్లోకి కారుతున్నాయి. ఒకసారి, నా ఒక్కడికే వినపడేంత మెల్లగా, "కానీయి మామా," అన్నాడు. కత్తి మడిచాను. మడిస్తే, ఈసారి తానే గొరుగుతానని చిన్నాయన కత్తి కోసం చెయ్యి చాపాడు.

ఆడవాళ్ళు కాలవకు కొంచెం ఎడంగా కూర్చుని ఉన్నారు. వాళ్ళలో నుంచి తల్లి లేచి వచ్చింది. ఆ పొద్దుటే ఆమె గాజులు తీసేశారు. మగవాళ్ళ నడుమకు రాకూడని రోజు, అయినా వచ్చింది.

"ఇడ్సిపెట్టప్పా," అంది మరిదితో. "అది మీ అన్న పెట్టించిన మీసం. నువ్వు గొరిగినా పోదు."

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె చెప్పింది. పుట్టుక, బళ్ళారి, ఎనక్కిపోయిన సంబంధాలు, నా అంగడి, చుక్కలు, అన్నీ. ఏడుపులో మొదలుపెట్టింది కాబట్టి ఎక్కడ ఆపాలో తెలియలేదు. ఆపేసరికి ఆమె వెనకనే కోడలు నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి ఉంది.

చిన్నాయన ఆ బురదలోనే కూలబడిపోయాడు. తన పైగుడ్డ తీసి అన్న కొడుకు పెదవి మీద రక్తం అద్దాడు. "నాకెందుకు సెప్పల్యాదు వదినా," అన్నాడు. "నాకొక్క మాట సెప్పింటే ఈ మీసం మీద ఎవున్నన్నా సెయ్యి ఎయ్యనిస్తుంటినా? నేనే అడ్డం నిలబడుంటినే." అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు.

కోడుమూరు వాళ్ళు కర్మ అయ్యేదాకా మర్యాదగానే ఉన్నారు. భోజనాల దగ్గర మొదలైంది. దొంగ మీసం పెట్టుకుని పెళ్ళి చేసుకున్నాడని అమ్మాయి అన్న అన్నాడు. ఇంకా ఏవేవో అన్నారు. సాయంత్రం బస్సుకు అమ్మాయిని వెంటబెట్టుకుని పోయారు. అతను గడప దాకా వచ్చి నిలబడ్డాడు, ఆపలేదు. తుండుగుడ్డ మళ్ళీ కట్టుకోలేదు. కట్టుకుని ఏం లాభం?

తర్వాత ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి ఒక్కతే ఆదోనికి, నా అంగడికి వచ్చింది. మగవాళ్ళ క్షవరం అంగట్లోకి ఆడపిల్ల రావడం చూసి బేరానికి వచ్చినవాళ్ళు లేచి బయటికి పోయారు. కూర్చోమన్నాను, కూర్చోలేదు.

"ఇంకా ఏమన్నా దాసినారా తాతా?" అంది.

"ల్యాదమ్మా. ఆ గీత తప్ప ఇంకేమీ ల్యాదు. మంచి పిల్లోడు."

"మంచోడని నాకు తెలుసు." కొంగు భుజం మీదికి లాక్కుంది. "పెదివి సంగతి ముందే సెప్పింటే సేసుకుంటుంటినో ల్యాదో, అది నాకు గూడా తెల్దు. పెండ్లయినాక ఒకసారి అడిగినాను, మూతి ఎందుకట్ల ఉందని. మగ్గంలో పడినానన్నాడు. పక్కన పండుకున్నదాన్ని అడిగితే గూడా అట్లనే సెప్పినాడు. ఆయప్ప ఇంట్లో అందరికీ తెలుసు. గొరిగే మీకు తెలుసు. నాకొక్కదానికే తెల్దు."

మంచినీళ్ళు ఇచ్చాను. తాగి పోయింది.

ఆమె మెట్టినింటికి తిరిగి వచ్చింది, పెద్దవాళ్ళు నచ్చజెప్పారు. కొన్నాళ్ళకు బిడ్డ పుట్టింది. మంత్రసాని పసిగుడ్డును చేతికిచ్చినప్పుడు అన్నిటికంటే ముందు ఆమె చూసింది పెదవి. చక్కగా ఉంది. ఆమె అట్లా చూడటాన్ని వాకిట్లో నుంచి అతను చూశాడట. ఈ సంగతి అతని తల్లే నాతో చెప్పింది. ఒకే ఇంట్లో ఉంటారు, పిల్ల పెరుగుతోంది, కోపాలు లేవు. అంతకు మించి వాళ్ళ నడుమ ఏముందో, ఏం లేదో నాకు తెలియదు.

అతను మళ్ళీ మీసం పెంచలేదు. నాలుగు రోజులు పెంచితే కలిసిపోతుందని నేను చెప్పి చూశాను.

"ఇంక ఎవురి కాడ దాయాల మామా," అన్నాడు.

పెద్ద ఊళ్ళలో లేజరు మిషన్ వెలుగుతో చుక్కలు చెరిపేస్తారు, నేను తోడు వస్తాను పోదాం పా అన్నాను. "నాయన పాయె, మీసం పాయె. ఇది గూడా పోవాల్నా?" అన్నాడు. ఆ తర్వాత నేనెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఎమ్మిగనూరులో అన్ని అంగళ్ళుండగా అతను గడ్డానికి ఆదోని వచ్చేవాడు. నా కుర్చీలో కూర్చుని కండ్లు మూసుకునేవాడు. రెండు పక్కలా గొరిగి, ఆ చోటికి రాగానే కత్తి ఎత్తి అవతల పెట్టేవాణ్ణి. మీసాలకు చుక్కలు పెట్టడం నేను మానేసింది అప్పుడే. పెడితే తప్పని కాదు. పెట్టించుకోవడానికి కొడుకును వెంటబెట్టుకుని ఒక తండ్రి వస్తే, ఆయన ముఖం చూడటం నా వల్ల కాలేదు.

ఇప్పుడు నేను అంగడి మూసేశాను. కత్తి పట్టుకుంటే చెయ్యి నిలవడం లేదు. అతను గడ్డానికి ఇంకెవరి దగ్గరికో పోవాలి. మీలో ఎవరి దగ్గరికో వస్తాడు.

మగ్గం మనిషి, మాట తక్కువ. పైపెదవి మీద, ముక్కు కింద నుంచి సన్నగా చుక్కల గీత ఉంటుంది. ఏళ్ళు గడిచి కొంచెం నీలం తిరిగింది. వెంట్రుకలు మిగిలాయనుకోవద్దు. వేలితో రుద్ది చూడొద్దు. ఎట్లా వచ్చిందని అడగొద్దు. చుట్టూ గొరిగి, ఆ చోట కత్తి ఎత్తి అవతల పెట్టండి. బెంచీ మీద కూర్చున్నవాడెవడన్నా ఆడ ఇడ్సినావే అంటే, అయిపోయిందని మీరే చెప్పండి. అతనితో చెప్పించొద్దు.